చెరకు చేను నుంచి సముద్రపు అడుగు దాకా.. ఐసోటోపులు చూపే కొలువుల దారి

తేలిక మూలకాల ఐసోటోపులతో భూమి లోపలి కథ చదివే రంగమిది. సీట్లు తక్కువ, చదవాల్సిన ఏళ్లు ఎక్కువ. అయినా కెమిస్ట్రీ, జియాలజీ, ఇంజినీరింగ్ చదివేవారు ఒకసారి తెలుసుకోవాల్సిన దారి. హైదరాబాద్‌లోనే దీనికి పెద్ద ఇల్లుంది.

నిజామాబాద్ బస్టాండ్‌లో బోధన్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. ఖిల్లా గుట్ట మొదలు ఊరి చుట్టూ కనిపించేదంతా గ్రానైటే. బోధన్ వైపు పోతున్నకొద్దీ నేల రంగు మారుతుంది. ఎర్ర చెల్క తగ్గి నల్లరేగడి మొదలవుతుంది. ఇంకా పడమరకు మద్నూర్, జుక్కల్ దాకా వెళ్తే కాలి కింద ఉండేది దక్కన్ బసాల్ట్. అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగి గడ్డకట్టిన లావా. మీ తాత చెరకు వేసిన చేను ఒకప్పటి లావా మీదిదే కావచ్చు.

బోధన్ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది నిజాం షుగర్ ఫ్యాక్టరీ. 1937లో పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకొన్నాం. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించాక చిమ్నీ పొగ ఆగింది. ఊళ్లో డిగ్రీ చదివితే షుగర్ కెమిస్ట్‌గానో, ల్యాబ్‌లోనో చేరొచ్చన్న భరోసా కూడా దాంతోనే పోయింది. ఇప్పుడు ఇక్కడ బీఎస్సీ చేసేవారిని 'తర్వాత ఏంటి?' అని అడిగితే గ్రూప్స్, బ్యాంకు, లేదంటే హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కోచింగ్ అంటారు. ఆ మూడూ తప్పు కాదు. కానీ అదే కెమిస్ట్రీతో వెళ్లగలిగే నాలుగో దారి ఒకటుంది. దాని గురించే ఈ వ్యాసం.

చక్కెరతోనే మొదలుపెడదాం

ఐసోటోప్ అంటే ఇంటర్‌లో రెండు మార్కుల ప్రశ్న. ఒకే మూలకం, ప్రోటాన్లు అన్నే, న్యూట్రాన్ల సంఖ్యలో తేడా. కాబట్టి బరువులో తేడా. పరీక్షలో ఇంత రాసి వదిలేస్తాం. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది.

కార్బన్‌నే తీసుకోండి. గాలిలోని కార్బన్‌లో బరువు 12 ఉన్నవి దాదాపు 99 శాతం, బరువు 13 ఉన్నవి ఒక శాతం. మొక్క గాలి పీల్చి పిండిపదార్థం చేసుకునేటప్పుడు తేలికైన దాన్ని కాస్త ఎక్కువగా ఎంచుకుంటుంది. వరి, పసుపు, చాలా పూలమొక్కలు ఈ ఎంపికలో గట్టివి. చెరకు, మొక్కజొన్నల కిరణజన్య సంయోగక్రియ తీరు వేరు. అవి అంతగా ఏరుకోవు. అందుకే చెరకు చక్కెరలో కార్బన్-13 కొంచెం ఎక్కువ మిగులుతుంది. నాలుకకు ఆ తేడా తెలియదు, యంత్రానికి తెలుస్తుంది.

తేనెలో చెరకు పాకం కలిపితే పట్టుబడేది ఇలాగే. మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం తేనెలో ఈ రకం చక్కెర 7 శాతం మించకూడదు. అది తేల్చడానికి చేసేది కార్బన్ ఐసోటోపుల పరీక్షే. అంటే ఐసోటోప్ అనేది పదార్థానికి పుట్టుమచ్చ లాంటిది. కరిగించినా, మరిగించినా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేస్తుంది.

'వెయ్యికి ఎంత' లెక్క

ఈ తేడాలు చాలా చిన్నవి. అందుకే శాతాల్లో కాకుండా వెయ్యికి ఎంత అని లెక్కిస్తారు. దీన్ని డెల్టా విలువ అంటారు. అందరూ ఒప్పుకున్న ఒక ప్రామాణిక పదార్థం సున్నా. దానికన్నా బరువు ఐసోటోప్ ఎక్కువుంటే ప్లస్, తక్కువుంటే మైనస్. చెరకు చక్కెర కార్బన్ విలువ సుమారు మైనస్ 11 నుంచి మైనస్ 12. మామూలు పూల తేనెది మైనస్ 25 దగ్గర. ఈ రంగంలో ఇది పెద్ద దూరమే.

బరువును బట్టి ఇలా వేరుపడటానికి వేడితో గట్టి సంబంధముంది. బెల్లం వండే పెనం దగ్గర నిలబడ్డారా? రసం మరుగుతున్నప్పుడు తేలికైన ఆక్సిజన్-16 ఉన్న నీళ్లు కాస్త ముందు ఆవిరవుతాయి. పెనంలో మిగిలేది కొంచెం బరువుది. నియమం ఏంటంటే, వేడి పెరిగేకొద్దీ ఈ ఏరివేత బలహీనపడుతుంది. 25 డిగ్రీల దగ్గర బాగా కనిపించే తేడా 1,200 డిగ్రీల దగ్గర దాదాపు మాయమవుతుంది.

ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి. మాంటిల్ కథంతా దీని మీదే నడుస్తుంది.

సముద్రం అడుగున లావా ఏం చెబుతుంది?

మాంటిల్ అంటే మన పాఠ్యపుస్తకాల్లోని ప్రావారం. భూపటలం కింద మొదలై దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉంటుంది. మనిషి తవ్విన లోతైన బోరు రష్యాలోని కోలాలో 12 కిలోమీటర్లు దాటింది, అంతే. అక్కడికి మనం వెళ్లలేం. కానీ సముద్రాల మధ్య పలకలు విడిపోయే చోట మాంటిలే కొంత కరిగి పైకొచ్చి బసాల్ట్‌గా గడ్డకడుతుంది. ఖండాల కింద నుంచి వచ్చే లావా దారిలో పాత రాళ్లను కలుపుకొనే ప్రమాదముంది. సముద్రపు అడుగున పటలం పల్చన కాబట్టి అక్కడి రాయి మాంటిల్ సంగతిని తక్కువ కల్తీతో చెబుతుంది.

ఆ రాళ్లలో లిథియం, బోరాన్ లాంటి తేలిక మూలకాలను కొలుస్తారు. లిథియంలో బరువు 6 ఉన్నవి సుమారు 7.6 శాతం, మిగిలినవన్నీ 7. బోరాన్‌లో బరువు 10 ఉన్నవి దాదాపు 20 శాతం, 11 ఉన్నవి 80 శాతం. వీటినే ఎందుకు ఎంచుకున్నారంటే, తేలిక మూలకాల్లో ఒక్క న్యూట్రాన్ తేడా కూడా బరువులో పెద్ద వాటా. లిథియం-6కు, 7కు మధ్య తేడా దాదాపు ఆరో వంతు. పైగా రెండూ నీళ్లతో తేలిగ్గా కదిలే మూలకాలు.

సంఖ్యలు చూడండి. సముద్రపు నీటి లిథియం విలువ సుమారు ప్లస్ 31. సముద్ర మధ్య బసాల్ట్‌లో ప్లస్ 3 నుంచి 4 మధ్య. బోరాన్‌లో తేడా ఇంకా ఎక్కువ. సముద్రపు నీటిలో ప్లస్ 40కి కాస్త తక్కువ, మాంటిల్ నుంచి వచ్చిన తాజా బసాల్ట్‌లో మైనస్ 7 దగ్గర. ఒక లావా బోరాన్ మాంటిల్ విలువను వదిలి ప్లస్ వైపు జరిగితే ఏమనుకోవాలి? 1,200 డిగ్రీల వేడి ఆ తేడాను పుట్టించలేదు. అంటే ఎప్పుడో చల్లని ఉపరితలం మీద సముద్రపు నీళ్లు తాగిన పదార్థం లోపలికి వెళ్లి ఈ లావాలో కలిసి ఉండాలి. తేనెలో చెరకు పాకాన్ని పట్టుకున్న తర్కమే ఇది.

మంజీర నుంచి అండమాన్ దాకా

ఈ చక్రాన్ని మన జిల్లా నుంచే గీయొచ్చు. బసాల్ట్ వానకు, ఎండకు శిథిలమై నల్లరేగడి అవుతుంది. ఆ క్రమంలో పుట్టే బంకమన్ను తేలికైన లిథియం-6ను పట్టి ఉంచుకుంటుంది. బరువైన 7 నీళ్లతో పోతుంది. ప్రపంచ నదులన్నింటిలో లిథియం విలువ రాళ్లలో కన్నా ఎక్కువుండటానికి కారణం ఇదే. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది, గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది.

సముద్రం అడుగున ఉన్న బసాల్ట్ పగుళ్లలోకి ఉప్పునీళ్లు దూరి లక్షల ఏళ్లపాటు రాయిని మారుస్తాయి. తాజా బసాల్ట్‌లో పది లక్షల భాగాలకు ఒకటి దాకా ఉండే బోరాన్ అలా మారిన రాళ్లలో పదుల్లోకి చేరుతుంది. భారత పలక తూర్పు అంచు అండమాన్ దగ్గర కిందికి దిగుతోంది. దిగేకొద్దీ వేడి, ఒత్తిడి పెరిగి రాయిలోని నీళ్లు బయటికి వస్తాయి. వాటితోపాటే బోరాన్, కొంత లిథియం పై మాంటిల్‌లోకి చేరతాయి. ఆ నీళ్ల వల్లే మాంటిల్ కరగడం తేలికవుతుంది. బారెన్ ఐలాండ్, అంటే మన దేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం, ఇలాంటి చోటే ఉంది. నీళ్లు పిండుకున్నాక మిగిలిన పలక మాంటిల్ లోతుల్లోకి పోతుంది. కోట్ల ఏళ్ల తర్వాత అది మరెక్కడో లావాగా తిరిగి వస్తుందా అన్నది శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకునే ప్రశ్న. మీరు చేరితే పనిచేసేది ఆ ప్రశ్న మీదే.

మద్నూర్ రాయి, మారిషస్ చెరకు

దక్కన్ లావా ఎక్కడిది? చాలా తేలికగా ఉండే హీలియం దీనికి ఒక ఆధారమిచ్చింది. హీలియం-4 యురేనియం, థోరియం క్షీణతతో ఇప్పటికీ పుడుతూనే ఉంది. హీలియం-3 మాత్రం చాలావరకు భూమి పుట్టినప్పుడు లోపల చిక్కుకున్నదే. సముద్ర మధ్య బసాల్ట్‌లలో ఈ రెండింటి నిష్పత్తి గాలిలో ఉన్నదానికి సుమారు 8 రెట్లు. ఆశిష్ బసు బృందం 1993లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన పరిశోధనలో దక్కన్‌కు చెందిన తొలి దశ రాళ్లలో అది దాదాపు 14 రెట్ల దాకా కనిపించింది. ఆ రాళ్లలో రాజస్థాన్‌లోని ముంద్వారా, సార్ను-దండాలీలవి ఉన్నాయి. పై మాంటిల్ ఒక్కటే ఇంత ఇవ్వలేదు, లోతు నుంచి లేచిన వేడి స్తంభం ఉండాలన్నది వారి వాదన.

ఆ వేడి చోటు ఇప్పుడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి కింద ఉంది. పలకలు జరుగుతుంటే వాటి మీద వరసగా మచ్చలు పడ్డాయి. దక్కన్, లక్షద్వీప్-చాగోస్ గట్టు, మారిషస్, చివరికి రీయూనియన్. 1987లో ఓషన్ డ్రిల్లింగ్ ప్రోగ్రామ్ 115వ యాత్ర ఈ వరసనే సముద్రం అడుగున తవ్వి చూసింది. 19వ శతాబ్దంలో కోరింగ రేవు నుంచి ఓడలెక్కి మారిషస్ చెరకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. వాళ్లు చెరకు నరికిన నేల, మద్నూర్ నల్లరాయి ఒకే వేడి చోటు బిడ్డలు. బోధన్ నుంచి వచ్చిన విద్యార్థికి ఇంతకన్నా సొంతమైన పరిశోధనాంశం ఎక్కడ దొరుకుతుంది?

ల్యాబ్‌లో రోజు ఎలా గడుస్తుంది?

వినడానికి గొప్పగా ఉన్నా రోజువారీ పని ఓపికది. రాయిని పగలగొట్టి పొడి చేయాలి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కరిగించాలి. ఇది ఎముక దాకా వెళ్లే ప్రమాదకర ఆమ్లం, శిక్షణ లేకుండా ముట్టుకోనివ్వరు. తర్వాత రెజిన్ నింపిన సన్నటి గొట్టం గుండా పంపి లిథియంను వేరుచేస్తారు. ఇక్కడ ఒక చిక్కుంది. గొట్టంలోంచి లిథియం-7 ముందు, 6 వెనక వస్తాయి. చివరి చుక్కలు 'ఇంక చాల్లే' అని వదిలేస్తే నిష్పత్తే మారిపోతుంది. దాదాపు మొత్తం పట్టుకోవాల్సిందే.

బోరాన్ పని ఇంకా నాజూకు. మామూలు ల్యాబ్ గాజు బోరోసిలికేట్. అంటే అందులోనే బోరాన్ ఉంది. గాలి వడపోసే ఫిల్టర్ల గాజు నార నుంచి కూడా అది రావచ్చు. అందుకే టెఫ్లాన్ పాత్రలు, బోరాన్ లేని ఫిల్టర్లు వాడతారు. ఆమ్లాన్ని ఇగరబెట్టేటప్పుడు బోరాన్ ఆవిరైపోకుండా మానిటాల్ కలుపుతారు. అదేంటంటే, చక్కెర కుటుంబానికి చెందిన ఆల్కహాల్. చూశారా, చక్కెర ఇక్కడా వదల్లేదు!

చివరగా మల్టీ కలెక్టర్ ఐసీపీ మాస్ స్పెక్ట్రోమీటర్. వేల డిగ్రీల ఆర్గాన్ ప్లాస్మాలో నమూనా అయాన్లుగా మారుతుంది. అయస్కాంతం వాటిని బరువు ప్రకారం వంచుతుంది. వేర్వేరు కప్పుల్లో పడ్డ వాటిని ఒకేసారి లెక్కిస్తారు. యంత్రం గంట గంటకూ కొద్దిగా జారుతుంటుంది. అందుకే ప్రామాణిక ద్రావణం, నమూనా, మళ్లీ ప్రామాణిక ద్రావణం అని వరసగా పెట్టి కొలుస్తారు. కాంటా మీద చెరకు బండి తూచే ముందు, తూచాక కూడా తూకపు రాయి పెట్టి సరిచూసుకున్నట్టు.

విలువ వచ్చినంత మాత్రాన కథ అయిపోదు. లిథియం-6 తేలిక కాబట్టి వేడి రాయిలో 7 కన్నా వేగంగా పాకుతుంది. లావా చల్లారేటప్పుడు జరిగే ఈ పాకుడు కూడా పెద్ద తేడా పుట్టించగలదు. అప్పుడు ఉపరితలం నుంచి వచ్చిన గుర్తని పొరబడే ప్రమాదముంది. అందుకే లిథియం ఒక్కదాన్నే నమ్మరు. బోరాన్, ఆక్సిజన్, స్ట్రాన్షియం కూడా అదే మాట చెబుతున్నాయా అని చూస్తారు.

బీటెక్ వాళ్లకు ఇక్కడేం పని అంటారా? వాక్యూమ్ పంపులు, హై వోల్టేజ్ విద్యుత్తు, నానో ఆంపియర్ల కన్నా చిన్న కరెంటు కొలిచే యాంప్లిఫయర్లు, డేటాలో నాయిస్ తీసే పైథాన్ కోడ్. నేను ఇంజినీరింగ్‌లో చదివినవన్నీ ఒకే పెట్టెలో కనిపించిన యంత్రమిది. 2023 ఫిబ్రవరిలో జమ్మూకశ్మీర్‌లోని రియాసీలో 59 లక్షల టన్నుల లిథియం వనరులున్నట్టు అంచనా వేశామని కేంద్రం ప్రకటించినప్పుడు అందరిలాగే నేనూ బ్యాటరీల గురించే రాశాను. ఆ వనరులను వెతికేది, తేల్చేది ఈ రకం ల్యాబులేనని తర్వాతే తెలిసింది.

ఏం చదవాలి, ఏం రాయాలి?

పీజీ: ఉస్మానియా యూనివర్సిటీలో జియాలజీతోపాటు అప్లయిడ్ జియోకెమిస్ట్రీ విభాగమూ ఉంది. ప్రవేశం సీపీగెట్ ద్వారా. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ రాయాలి, అందులో జియాలజీ పేపర్ ఉంటుంది. కొత్తగూడెం ఇంజినీరింగ్ కాలేజీని రాష్ట్ర ప్రభుత్వం 2025లో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగా మార్చింది. అర్హతలు ఏటా కొంచెం మారుతుంటాయి కాబట్టి నోటిఫికేషన్ చూసి నిర్ణయించుకోండి.

పీహెచ్‌డీ: సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ పేపర్ ఉంది. నిర్దేశిత మార్కులుంటే బీటెక్ వాళ్లూ రాయొచ్చు. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి అమలైన రేటు ప్రకారం నెలకు రూ.37 వేలు, తర్వాత రూ.42 వేలు, అద్దె భత్యం అదనం. గేట్‌లో జియాలజీ-జియోఫిజిక్స్ పేపర్ ఉంది.

ఉద్యోగ పరీక్ష: యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్. జియాలజిస్ట్, జియోఫిజిసిస్ట్‌తోపాటు కెమిస్ట్ పోస్టులూ ఉంటాయి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లు చాలామంది దీన్ని పట్టించుకోరు. జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం, అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం రెండూ హైదరాబాద్‌లోనే.

పరిశోధన సంస్థలు: ఉప్పల్ దగ్గరున్న ఎన్‌జీఆర్‌ఐ 1961 నుంచి పనిచేస్తోంది. గోవాలో ఎన్‌ఐఓ, ఎన్‌సీపీఓఆర్, అహ్మదాబాద్‌లో పీఆర్‌ఎల్, తిరువనంతపురంలో ఎన్‌సెస్, బెంగళూరులో ఐఐఎస్సీ. సముద్ర యంత్రాలంటే ఇష్టముంటే చెన్నై ఎన్‌ఐఓటీ. 2015లో జాయిడెస్ రిజల్యూషన్ ఓడ అరేబియా సముద్రంలోని లక్ష్మీ బేసిన్‌లో తవ్వి, వెయ్యి మీటర్లకు పైగా మట్టి దాటి బసాల్ట్‌ను అందుకుంది. ఆ యాత్ర ఇద్దరు సారథుల్లో ఒకరు భారత శాస్త్రవేత్త ధనంజయ్ పాండే.

దాచకుండా ఒక మాట

ఈ దారిలో ఎమ్మెస్సీకి రెండేళ్లు, పీహెచ్‌డీకి అయిదేళ్లు, తర్వాత పోస్ట్‌డాక్. శాశ్వత ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటొచ్చు. పోస్టులు ఏటా పడవు. ఇంట్లో అప్పుండి, చెల్లి పెళ్లి ముందుంటే ఈ లెక్క వేసుకోకుండా దూకొద్దు. 'ప్యాషన్ ఉంటే చాలు' అని స్టేజీ మీద చెప్పేవాళ్లు మీ ఈఎంఐ కట్టరు.

కాకపోతే ఒక ఊరట ఉంది. మధ్యలో దిగిపోవాల్సి వచ్చినా నేర్చుకున్న పని వృథా కాదు. మందుల్లో సీసం, ఆర్సెనిక్ లాంటి లోహ మలినాలు కొలవడానికి ఫార్మా కంపెనీలు వాడేది ఐసీపీ మాస్ స్పెక్ట్రోమీటరే. హైదరాబాద్ చుట్టూ ఫార్మా ల్యాబులు ఎన్నున్నాయో మీకు తెలుసు. ఆహార పరీక్ష ల్యాబులు, నీటి పరీక్షలు, అణు ఇంధన రంగం, గనుల కంపెనీలు.. అన్నిచోట్లా ఇదే చెయ్యి కావాలి. యంత్రాన్ని శుభ్రంగా నడిపి, వచ్చిన సంఖ్యను అనుమానించగల మనిషికి పని దొరుకుతుంది. రెజ్యూమెలో 'హార్డ్ వర్కర్' అని రాసే బదులు 'ఫలానా యంత్రంపై ఇన్ని నమూనాలు నడిపాను' అని రాయగలగాలి.

ఈ నెలలోనే చేయగలిగినవి నాలుగు. ఒకటి, మీ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్‌ను పట్టుకుని వేసవి ప్రాజెక్టు కోసం ఒక పరిశోధన సంస్థకు లేఖ రాయించుకోండి. ఒకరు జవాబివ్వకపోతే ఇంకొకరికి రాయండి, మొహమాటం వద్దు. రెండు, జియో సైంటిస్ట్ పాత ప్రశ్నపత్రాలు యూపీఎస్సీ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, ఒకటి తీసి చూడండి. మూడు, ఎక్సెల్ దాటి పైథాన్‌లో ఒక గ్రాఫ్ గీయడం నేర్చుకోండి. నాలుగు, సెలవు రోజున నిజామాబాద్ నుంచి మద్నూర్ దాకా వెళ్లి దారిలో రాయి ఎక్కడ మారిందో కాగితం మీద గుర్తుపెట్టండి. జియాలజిస్ట్ మొదటి పని అదే, దానికి ఫీజు లేదు.

బోధన్‌లో ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తారా లేదా అన్నది మన చేతుల్లో లేదు. ఆ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో మన పెద్దవాళ్లు చేసిన పని మాత్రం మనకు దగ్గరిదే. రసంలో ఎంత చక్కెరుందో జాగ్రత్తగా కొలిచి, సంతకం పెట్టి, ఆ సంఖ్యకు బాధ్యత తీసుకోవడం. రాయిలో లిథియం కొలిచేవాళ్లు చేసేదీ అదే. ఈసారి బస్సులో బోధన్ వెళ్తే ఫోన్ జేబులో పెట్టి కిటికీలోంచి ఆ నల్లనేలను ఒకసారి చూడండి.